పెడల్ మీద ఇంకో కాలు

చలికాలమంతా మంచు కరగడానికి మా రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును కరకరా నమిలేస్తుంది. నా మొదటి పికప్పు ట్రక్కు నడిరోడ్డు మీద రెండుగా విరిగితే, ముందు సగం చర్చికీ వెనక సగం బారుకీ వెళ్లాయి. నేను వెనక సగంలో ఉన్నాను. నమ్మనివాళ్లు బారులో అడగొచ్చు.

బడి మధ్యలో మానేసినా, ట్రక్కు కింద దూరి పనిచేయడంలో సుపీరియర్ సరస్సు ఒడ్డున నన్ను మించినవాడు లేడు, ఒక్క రైనో కంగాస్ తప్ప.

రాగి గని మూతపడేదాకా రైనో అందులోనే పనిచేశాడు. భార్య లెంపి పోయాక కొండమీద ఇంట్లో ఒక్కడే. వారమంతా అతను మాట్లాడేది పొయ్యితోనే. శుక్రవారం మాత్రం కొండ దిగి బారుకొచ్చి, వేయించిన చేప తిని, నలుగురి మధ్యా కాసేపు కూర్చునేవాడు. అతనికి మనుషులు కనిపించేది ఆ ఒక్కరోజే. ఆ కొండ దిగాలంటే పాత ట్రక్కుకు బ్రేకులు పడాలి.

మార్చిలో రెండు శుక్రవారాలు రాలేదు. చూసొద్దామని వెళ్లాను. షెడ్డులో ట్రక్కు కింద బూట్లు మాత్రం కనిపించాయి.

"బతికే ఉన్నావా పెద్దాయనా?"

"నీ కోతలు వింటే చావాలనిపిస్తుంది గానీ, ఇంకా లేదు. పెడల్ నేలదాకా దిగిపోతోందిరా. ఎక్కి తొక్కు."

తొక్కాను. కిందనుంచి అతని ఇంటిభాష ఫిన్నిష్‌లో బూతులు వచ్చాయి. పెట్రోలు ట్యాంకు పైన, తుప్పు తిన్న గొట్టంలోంచి బ్రేకు ఆయిలు అతని మొహాన చిమ్మింది.

"దొరికింది! ఇన్నాళ్లూ పెడల్‌ని నొక్కి ఉంచేలా కర్ర అడ్డం పెట్టి నేను కిందికి దూరేసరికి అది జారిపోయేది."

"ఫోన్ చేస్తే రానా?"

"బ్రేకు తొక్కడానికి కూడా మనిషిని పిలవాలా?"

కొత్త గొట్టం వంచి బిగించాం. ఇక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. పైనున్నవాడు పెడల్ తొక్కిపట్టి, ఆ మాట గట్టిగా చెబితేనే కిందున్నవాడు చక్రం దగ్గరి మర విప్పుతాడు. నేను తొక్కి ఊరుకున్నాను.

"చెప్పవేంరా?"

"నన్ను నోరు తెరవమన్న మొదటి మనిషివి నువ్వే."

"లెంపి చెప్పేది. చెప్పు."

"పట్టాను!"

"వదులు."

"వదిలాను!"

నాలుగు చక్రాలూ అయ్యాయి. పెడల్ రాయిలా గట్టిపడింది. అంటే ఇక లోపల గాలి లేనట్టే. అయినా కిందనుంచి మళ్లీ "పట్టు" అని వినిపించింది. పట్టానన్నాను. మళ్లీ "పట్టు". మళ్లీ పట్టాను. పని అయిపోయిందని నేనూ అనలేదు, అతనూ అనలేదు.

చివరికి బయటికొచ్చాడు. కొండ మలుపుదాకా నడిపి చూశాం. ఆగమన్నచోటల్లా ట్రక్కు ఆగింది. ఇంటికొచ్చాక కాఫీ పోస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"నీ బండి బ్రేకులెలా ఉన్నాయి?"

కిందటి నెలే నాలుగు గొట్టాలూ కొత్తవి వేశాను. ఈ జిల్లాలో అంత బాగా ఆగే బండి ఇంకోటి లేదు.

"పూర్తిగా కుళ్లిపోయాయి," అన్నాను. "ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

"అన్ని కోతలు కోస్తావు, సొంత బ్రేకులు చూసుకోలేవూ?" అన్నాడు రైనో. "ఆదివారం పట్రా."