ఎడమ చేతి అన్నం

కుప్పం ఆసుపత్రిలో ఉన్న రెండు నెలల్లో మా ఆయన ముఖ్యంగా రెండు పనులు నేర్చుకున్నాడు. కర్ర పట్టుకుని బాత్రూమ్ దాకా నడవడం, ఎడమ చేత్తో అన్నం తినడం. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. కాలు మాత్రం కొంత తిరిగొచ్చింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చెంచా పిడికి గుడ్డ చుట్టి లావు చేసి ఆయన ఎడమ చేతికిచ్చింది. మొదట్లో సగం అన్నం ఒళ్లోనే పడేది. నేను సాయానికి పోతే ఆ అమ్మాయి ఊరుకునేది కాదు.

"మీరు పెట్టొద్దమ్మా. మీరు అలవాటు చేస్తే ఆయన మళ్లీ చెంచా ముట్టడు. గంట పట్టినా సరే, ఆయన్నే తిననీండి" అనేది.

నిజంగానే గంట పట్టేది. నేను గోడవైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఇంటికి పంపించే నాటికి అది అరగంటకు దిగింది.

నా ఉద్యోగం నిలబడేది ఆ అరగంట మీదే. పుంగనూరులో ఒక ప్రైవేటు బడి ఆఫీసులో పని నాది. మూడు నెలలు సెలవిచ్చారు, ఆ పైన కుదరదని చెప్పేశారు. మధ్యాహ్నం ఆయన ఒక్కడే తినగలిగితే నేను పనికి పోవచ్చు, లేకపోతే లేదు. మా అమ్మాయి హాస్టల్లో ఉంది. పక్కింటావిడ మధ్యమధ్యలో వచ్చి చూసి పోతానంది గానీ, పరాయి మగవాడికి అన్నం తినిపించమని ఆమెను ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఇంటికొచ్చాక మూడు వారాలు బాగానే గడిచాయి. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "నువ్వు కాబట్టి చేస్తాండావమ్మా" అనేవాళ్లు. ఆ మాట వింటే ఒళ్లు మండేది. కొన్నాళ్లకు మండడం కూడా మానేసింది. స్నానం చేయించడం, చొక్కా తొడగడం, కాళ్లూ చేతులూ వంచి చాపించడం, ఇవన్నీ ఇంకెవరో చేస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది.

నేను పనిలో చేరాల్సిన సోమవారానికి ముందు శనివారం, మదనపల్లెలో ఆయన మేనకోడలి పెళ్లి. మా ఆయన అక్కడి టమోటా మండీలో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, ఆ ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే. పెళ్లివాళ్లు కారు పంపితే పోయాం. భోజనాల బంతిలో ఆయన చెంచా తీసుకుని, ఎడమ చేత్తో పప్పన్నం తినడం మొదలుపెట్టాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. చాలా రోజుల తర్వాత నాకు కాస్త గర్వంగా అనిపించింది.

ఎదురు వరసలో ఆయన పెదనాన్న కూర్చుని ఉన్నాడు. ఈయన్ని చూసి ఆ పెద్దాయన తినడం ఆపేశాడు.

"యాలమ్మా, ఎడం చేత్తో తింటాండాడు? శుభకార్యంలో, నలుగురి ముందర? నువ్వు పక్కనే ఉండావు గదా!"

గట్టిగా కూడా అనలేదు. సాంబారు వడ్డించేవాళ్లు అట్లే నిలబడిపోయారు. కుడి చెయ్యి పని చేయదని పెదనాన్నకు తెలియదా? తెలుసు. ఆ మాటే నేను అనొచ్చు. అనలేదు. మా ఆయన చేతిలోంచి చెంచా లాగేసి, నా కుడి చేత్తో ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆయన నా వైపు ఒకసారి చూసి నోరు తెరిచాడు.

"ఆ, అట్ల పెట్టమ్మా" అన్నాడు పెదనాన్న.

అయిదు నిమిషాల్లో ఆకు ఖాళీ అయింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ పూట అరగంట కాపలా తప్పినందుకు నాకు హాయిగా ఉండింది.

మర్నాడు ఇంట్లో చెంచా ఇస్తే పట్టుకోలేదు. చేతిలో పెట్టి వేళ్లు మూశాను. తెరిచేశాడు. "తినండీ, సూసేదానికి ఈడ ఎవరుండారు?" అని అరిచాను. తల పక్కకు తిప్పుకున్నాడు.

సోమవారం అన్నం కలిపి, మూత పెట్టి, పనికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి మూత పెట్టినట్టే ఉంది.

"మూడు తూర్లు వచ్చి సూసినానక్కా. తిను అన్నా అంటే కండ్లు మూసుకుంటాండాడు" అంది పక్కింటావిడ.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే నోరు తెరిచాడు.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. చెయ్యి కడుక్కొచ్చి ముద్దలు పెట్టాను. మొత్తం తిన్నాడు. మూతి తుడిచి, బడికి ఫోన్ చేసి రేపటి నుంచి రానని చెప్పాను.

"అదేంది మేడమ్, ఈ రోజే గదా చేరినారు?" అన్నారు.

"అవును" అన్నాను.