మస్తాన్ మామ మార్చనన్న ట్రిగ్గరు

ఈరోజు పొద్దున వరండాలో కూర్చుని పిస్తోలు విప్పి తుడుస్తుంటే నూనె వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, ఉదయగిరిలో మస్తాన్ మామ కూర్చునే ఇరుకు గది నా కళ్లముందుకు వస్తుంది. సైన్యంలో ఆయుధాలు బాగుచేసే పనిలో సగం జీవితం గడిపి వచ్చిన మనిషి ఆయన. చుట్టుపక్కల లైసెన్సు తుపాకులన్నీ మరమ్మతుకు ఆయన చేతికే వచ్చేవి.

దుత్తలూరు దగ్గర మా ఊరికి నేను సర్పంచిగా గెలిచిన ఏడాది, ఓడిపోయిన పెంచలయ్య మనుషులు రెండుసార్లు నా కారుకు అడ్డంపడి అద్దాలు పగలగొట్టారు. లైసెన్సు తెచ్చుకుని పిస్తోలు కొన్నాను. ఫోనులో వీడియోలు చూసి రెండు కోరికలతో మామ దగ్గరికి వెళ్లాను. గురి చూసుకునేదానికి మసకలోనూ కనపడే సైటు కావాలి, వేలు తాకితే చాలు పేలే ట్రిగ్గరు కావాలి.

ఆయన పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ముందర సైటు నల్లగా ఉండాది, సందేళ కనపడదు. తెల్లచుక్కది పెడతా. ట్రిగ్గరు జోలికి మాత్రం పోను.”

“అదేంది మామా, గట్టిగా ఉండాది. వేలు నొప్పి పుడతా ఉండాది.”

“పుట్టనీ. భయపడితే చెయ్యి మన మాట వినదమ్మా. అప్పుడు ఆలోచించుకునేదానికి నీకు మిగిలేది ఆ గట్టితనమే.”

నెల్లూరులో ఇంకొకరిచేత చేయించుకుంటానని విసురుగా అన్నాను. “చేయించుకో. మళ్లా నా గడప తొక్కొద్దు,” అన్నాడు. ఎందుకో లేచి రాలేకపోయాను. ఆ తరువాత మూడు నెలలు ప్రతి ఆదివారం ఆయన గదిలోనే ఖాళీ పిస్తోలు గోడవైపు పట్టుకుని నిలబడ్డాను. గొట్టం మీద మామ చొక్కా గుండీ ఒకటి పెట్టేవాడు. అది పడకుండా ట్రిగ్గరు నొక్కాలి. పడితే మళ్లీ మొదటినుంచి.

ఒక సాయంత్రం ఆత్మకూరు నుంచి ఒంటరిగా వస్తున్నాను. వెలుతురు తగ్గుతోంది. రోడ్డు మధ్యలో ఒక మనిషి చేతులు ఊపుతూ నా కారుకు ఎదురుగా పరుగెత్తుకొచ్చాడు. పెంచలయ్య! చేతిలో ఏదో ఉంది. కారు ఆపి, అద్దం దించి, పిస్తోలు ఎత్తాను. తెల్లచుక్క సరిగ్గా అతని ఛాతీ మీద నిలిచింది. నా వేలు బిగుసుకుంది. ట్రిగ్గరు సగం వరకు వచ్చింది.

“అక్కా, మా నాయన పడిపోయినాడు! బండి కదల్లేదు. ఆస్పత్రికి తీసుకుపో అక్కా!”

అతని చేతిలో ఉన్నది నీళ్ల సీసా. రోడ్డు పక్కన ముసలాయన గుండె పట్టుకుని పడి ఉన్నాడు. ఇద్దరినీ ఎక్కించుకుని వెనక్కి తిప్పి ఆత్మకూరుకు పోనిచ్చాను. ముసలాయన బతికాడు.

మర్నాడు జరిగిందంతా మామకు చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

“అప్పుడు వేలు యాడుండింది?” అన్నాడు.

“ట్రిగ్గరు మీద. సగం నొక్కినాను మామా.”

“ఎదుటోడి చేతిలో ఏముండాదో చూడకుండా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. తప్పు చేసినావు.” తరువాత తుపాకీ బాగుచేయించుకోవడానికి వచ్చి కూర్చున్న రైతువైపు తిరిగాడు. “నొక్కినానని ఎవురూ ఒప్పుకోరు. ఈయమ్మ ఒప్పుకున్నది. నా దగ్గర నేర్చుకున్న మనిషి.”

ఎన్నికలో గెలిచిన రోజు కూడా నేను అంత నిటారుగా నడవలేదు.

మామ పోయి రెండేళ్లయింది. పెంచలయ్య ఇప్పటికీ నామీద పోటీ చేస్తూనే ఉన్నాడు. పంచాయతీ ఆఫీసుకు ఎవరైనా అరుచుకుంటూ వస్తే నేను ముందు వాళ్ల చేతులవైపు చూస్తాను. చాలాసార్లు అక్కడ నలిగిన అర్జీ కాగితం ఉంటుంది. కుర్చీ చూపించి, చదవమంటాను.