వదినకిచ్చిన మత్తు చుక్కలు

పదకొండేళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నన్నెరగని మీకైతే చెప్పగలనేమో.

అప్పట్లో తెనాలిలో ఒక కంటి డాక్టరు గారి దగ్గర నర్సుగా చేసేదాన్ని. కొల్లిపరలో మా అన్నయ్య భార్య వడ్లు తూర్పారబడుతుంటే గింజ ఎగిరి కంట్లో గుచ్చుకుంది. నల్లగుడ్డు మీద పుండు పడింది. డాక్టరు గారు పుండు గీకి శుభ్రం చేసి, గంటగంటకూ వేయమని చుక్కల మందు రాశారు. మానేదాకా నొప్పి తప్పదు, మాత్రలు వేసుకుని ఓర్చుకోమన్నారు. వదినను మా ఇంట్లోనే ఉంచుకున్నాను.

పాపం, ఓర్చుకోలేకపోయింది. తల గోడకేసి కొట్టుకునేది.

"ఈ కన్ను పీకేయమ్మాయ్, నీకు పుణ్యముంటుంది."

పరీక్షకు ముందు కన్ను మొద్దుబారడానికి మేం వేసే మత్తు చుక్కలుంటాయి. అవి ఇంటికివ్వకూడదని, పుండు మాననివ్వవని డాక్టరు గారు వందసార్లు చెప్పారు. విన్నాను. వినీ ఒక సీసా బ్యాగులో వేసుకొచ్చాను. ఒక్క పూటకేగా అనుకున్నాను. అది జాలేనా? లేక ఆ మూలుగు నేను వినలేకపోయానా?

ఒక్క చుక్కకే వదిన ముఖం తేటపడింది. "ఎవరికీ చెప్పకు వదినా, నా ఉద్యోగం పోతుంది," అన్నాను. సీసా అడిగితే ఇచ్చేశాను. అయిపోతే ఇంకోటి తెచ్చాను కూడా.

రెండో వారానికి నల్లగుడ్డు తెల్లబడింది.

"నేను రాసినవి కాక ఇంకేమైనా వేశావా అమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"లేదండి," అంది వదిన, నా వైపు చూడకుండా.

"కంట్లో చనుబాలు పోయించుకుని ఉంటుంది. మీ ఊళ్లలో ఇదేగా!" అంటూ ఆయన నన్ను చూశారు.

నేను తలూపాను.

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే, ఆ చుక్కలు ఆపించి ఉంటే, కన్ను దక్కేదేమో. చెప్పలేదు. కన్ను పోయింది. పాలు పోయించుకుందని అమ్మ వదినను చెడతిట్టింది. చేయని తప్పుకు ఆమె తలొంచుకుంది, నా ఉద్యోగం కోసం. నేను పక్కనే నిలబడి విన్నాను. ఏం మనిషిని నేను?

ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నాను. మొన్న బాపట్లలో చుట్టాల పెళ్లిలో వదిన నా చెయ్యి పట్టుకుని అందరికీ చెప్పింది. "కన్ను పోతే పోయింది గానీ, ఈ పిల్లే చూసుకోకపోతే ఆ నొప్పికి నూతిలో దూకేదాన్నండి."

ఆ చుక్కల వల్లే కన్ను పోయిందని ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఎదురుగా చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు, రేపు వస్తుందని కూడా చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు. ఒక్క మాట మాత్రం ఇన్నాళ్లూ కాగితం మీద కూడా రాయలేకపోయాను. మా వదిన కన్ను తీసింది నేనే. ఇదిగో, రాశాను. కాస్త ఊపిరాడుతోంది.