తాళం మధ్యలో లింగరాజు

మింగళ తౌంగ్‌న్యున్‌లో రైలుపట్టాలకు ఇవతల, వీధి మలుపులో మంచినీళ్ల కుండల అరుగు ఒకటుంది. దారిన పోయేవాళ్లు తాగుతారని పుణ్యానికి పెట్టే ఇలాంటి అరుగులు రంగూన్లో వీధికొకటి. దీన్ని మాత్రం కళ్లు మూసుకున్నా గుర్తుపట్టొచ్చు. పైనుంచి కిందిదాకా తెలుపు నలుపు గళ్లు, గళ్ల మధ్య మేకులతో బిగించిన పాత బాకా. ఎవరిదని అడిగితే పాలు తాగే పిల్లయినా "చదరంగం బ్యాండోల్లది" అంటుంది.

ఆ బ్యాండులో డ్రమ్ములు ఫ్రాంక్లిన్‌వి. పగలు ఫ్యాన్ల మోటార్లకు తీగ చుట్టేవాడు. ఎనభైల్లో ఓడ దిగిన నావికుడెవరో కేసెట్టు ఒకటి వదిలి వెళితే, స్కా అనే జమైకా సంగీతం ఈ తెలుగు కుర్రాళ్ల చెవిన పడింది. బాకా ఆల్బర్టుది, గిటారు లింగరాజుది. ఫ్రాంక్లిన్, ఆల్బర్టు బాప్టిస్టులు, లింగరాజు అమ్మవారి భక్తుడు, సాయంత్రమైతే ముగ్గురిదీ ఒకటే టీకొట్టు. ఎనభై ఎనిమిదిలో ఊరు తిరగబడింది, సైన్యం అణిచేసింది. నలుగురు ఒకచోట చేరితేనే భయం, ఇక పాటలెక్కడ! బ్యాండు అటకెక్కింది. ఎన్నో ఏళ్లకు రోజులు కాస్త తెరిపి ఇచ్చాక, నెరిసిన తలలతో మళ్లీ దించారు. ఆ కేసెట్టు అట్ట మీదున్న తెలుపు నలుపు గళ్లను టీకొట్టు గోడకు వేసింది అప్పుడే. ఆల్బర్టు పోయాక అతని బాకాతో ఈ అరుగు కట్టించారు. కుండలకు పేరుపడ్డ ట్వంటే నుంచి పడవలో కుండలు తెప్పించారు. నీళ్లు నింపడం ఒక వారం ఫ్రాంక్లిన్, ఒక వారం పట్టాల అవతల ఉండే లింగరాజు.

ఈ లింగరాజు గురించి చెప్పుకోవాలి. మనిషి బంగారమే గానీ, తాళం తిన్నగా వేయమంటే తలకిందులుగా తపస్సు చేసినా వేయలేడు. గుడి భజనలో అందరి చప్పట్లూ ఒకచోట పడితే ఇతనివి నడిమధ్యన పడేవి. క్రిస్మస్‌కి చర్చికి పిలిస్తే అక్కడా అదే భాగోతం! పాస్టరుగారే ఇక లాభం లేదని చేతులు కట్టుకుని పాడమన్నారు. అయితే స్కాలో గిటారు పలకాల్సింది సరిగ్గా అక్కడే, డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ నడుమ. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఆ పాటల్లో మాత్రం ఆలస్యమే అమృతం. అయినా ఫ్రాంక్లిన్ నలభై ఏళ్లుగా అతన్ని తిడుతూనే ఉన్నాడు.

ఇరవయ్యొకటిలో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. అప్పటికే కరోనాతో ఎవరింట్లో వాళ్లు. దానికి తోడు ఇంటర్నెట్ పోయింది, ఫోన్లు పలికితే పలికినట్టు. పట్టాల దగ్గర సైనికులు ట్రక్కులు అడ్డు పెట్టారు. అవతలి వీధుల్లో మనుషుల్ని పట్టుకుపోతున్నారని ఒకటే గుసగుసలు. లింగరాజు వారం వచ్చింది, కుండలు ఎండిపోయాయి. ఫ్రాంక్లిన్ కంచం ముట్టలేదు.

"తిను ముందు," అంది భార్య టీనా, కంచం ముందుకు తోసి. "ఆడికేటీ అవదు. ఎప్పుడు టయానికొచ్చినాడు గనక?"

"నవ్వులాట కాదే. ఎంత ఆలీసమైనా కుండలు ఎండగట్టీ మనిషి కాడాడు. ఏటైపోనాడో!"

రాత్రి ఎనిమిదయ్యేసరికి ఊరంతా గిన్నెలు మోగించడం ఆ రోజుల్లో రివాజు. ఇంట్లో చేరిన దెయ్యాన్ని పళ్లాలు వాయించి తరమడం బర్మా వాళ్ల పాత ఆనవాయితీ. ఆ ఏడు ఎవర్ని తరుముతున్నారో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ఈ వీధికి పెద్ద దిక్కు ఇడ్లీల భాగ్యవతి. ఆమె గరిటె ఎత్తితే మొదలు, దించితే ఆఖరు.

ఆ రాత్రి గుమ్మంలో మూకుడు వాయిస్తున్న ఫ్రాంక్లిన్ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. లింగరాజు ఇంట్లో ఉంటే వాడూ వాయిస్తూ ఉంటాడు. వాయిస్తే వాడి దెబ్బ తిన్నగా పడదు కాక పడదు! పరుగున, అక్క వరసైన భాగ్యవతి దగ్గరకు వెళ్లాడు.

"అప్పా, ఒక్క నిమిషం అందర్నీ ఆపించవా?"

"మతుండే అంటన్నావేటి? మనం ఆపితే బయపడిపోనారనుకోరేటి ఆ ట్రక్కులోల్లు?"

"లింగడి కోసమప్పా. ఉన్నాడో నేడో ఇనాల."

భాగ్యవతి మలుపులోని గళ్ల అరుగు వైపు చూసింది. గరిటె దించింది. "లింగరాజు కోసమంట" అన్న మాట ఇంటింటికీ పాకింది, వీధి సద్దుమణిగింది.

పట్టాల అవతలి మోత అప్పుడు స్పష్టంగా వినబడింది. అన్ని దెబ్బలూ తిన్నగా, ఒక్కసారే పడుతున్నాయి. ఎంత విన్నా మధ్యలో ఏమీ లేదు. అయినా ఫ్రాంక్లిన్ మనసు ఒప్పలేదు. అరుగు దగ్గరకు వెళ్లి, ఆల్బర్టు బాకా పక్కన నిలబడి, మూకుడు మీద ప్రతి పాటకూ ముందు తాను గబగబా వేసే దెబ్బల జడి వేశాడు. తర్వాత అదే వేగంలో దెబ్బ, దెబ్బ, దెబ్బ.

ఈ కొత్త దెబ్బ విని అవతలి మోత తడబడి పలచబడింది. అప్పుడు వినబడింది, రెండు దెబ్బల నడుమ ఒకటి. మళ్లీ ఒకటి. ఫ్రాంక్లిన్ వేగం పెంచాడు, అదీ పెరిగింది. తగ్గించాడు, తగ్గింది. ఎటు తిప్పినా మధ్యలోనే పడింది.

టీనా వచ్చి భుజం పట్టుకుంది. "ఆడేనా?"

"ఆడేనే! ఎప్పట్నాగే ఆలీసంగా వొచ్చినాడు, ఎదవ!" అన్నాడు ఫ్రాంక్లిన్. కళ్ల నీళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

"ఇంకేటి సూస్తన్నారు? వాయించండి!" అని భాగ్యవతి గరిటె ఎత్తింది. సగం వీధి ఫ్రాంక్లిన్‌తో వాయించింది, సగం వీధి లింగరాజుతో. దెయ్యాల సంగతి దేవుడెరుగు, పిల్లలు మాత్రం గుమ్మాల్లో గంతులేశారు.

మర్నాడు పొద్దున్నే ఫ్రాంక్లిన్ బిందెలతో నీళ్లు మోసి కుండలన్నీ నింపాడు.

"ఈ వారం నీది కాదు కదేటి, తమ్ముడా?" అంది భాగ్యవతి ఇడ్లీ బుట్ట దించుతూ.

"ఆడి బదులప్పా," అన్నాడు ఫ్రాంక్లిన్, గళ్ల మీద పడ్డ నీళ్లు లుంగీ అంచుతో తుడుస్తూ. "దారులు తెరవనీ. నా వారం కూడా ఆడి చేతే మోయిస్తాను."