మామ నెత్తురు, మా ఇంటి ఫ్రీజరు

మా మామను నేను ఒకసారి చంపినంత పని చేశాను. కత్తితో కాదు, ఒక్క అంకెతో. ఇప్పుడే నవ్వకండి, నవ్వే చోటు ముందుంది.

నాలుగేళ్ల కిందట దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక పరిశోధనశాలలో అసిస్టెంటుగా చేరాను. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ నాళాల్లో కొవ్వు పేరుకుంటే పక్షవాతం వస్తుంది కదా, ఆ ముప్పును ముందే పసిగట్టడానికి నెత్తుటిలో తిరిగే మైక్రోఆర్‌ఎన్‌ఏలనే బుల్లి అణువులు పనికొస్తాయేమో చూడటం మా పని. "ఏమో" అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

రోగులతో పోల్చడానికి జబ్బు లేనివాళ్ల నెత్తురు కూడా కావాలి. నేనుండేది అల్మాస్‌గూడలో మేనమామ ఇంట్లోనే. ఆయనకు చంపాపేట్‌లో బైకులు బాగుచేసే షెడ్డుంది. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడికి జబ్బు లేదని ఎలా అనుకున్నావని మీరు అడగొచ్చు. అప్పట్లో నన్నెవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున మామ చేతి నుంచి రెండు గొట్టాల నెత్తురు తీశాను. ల్యాబుకు సెలవు.

"బిడ్డా, గా గొట్టాలు ఏడ పెడుతున్నవ్?" అత్త కేకేసింది.

"ఫ్రీజర్‌ల అత్తమ్మా, ఖరాబు గాకుండ."

"మటన్ పక్కకు మీ మామ నెత్తురా?"

"మటన్ వారం దాంక మంచిగుంటది గద. ఇదిగూడ గంతే."

చదివింది ఎమ్మెస్సీ, వాడింది మటన్ తెలివి. నెత్తురును ముందు యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేలిన ప్లాస్మాను వేరుచేసి, దాన్నే ఫ్రీజరులో పెట్టాలని నాకు పాఠం చెప్పే ఉంటారు. ఆ క్లాసులో నేను నిద్రపోయి ఉంటాను.

సోమవారం ల్యాబులో దాన్ని కరిగించి, తిప్పి, పైకి తేలింది తీసి పరీక్షకు పెట్టాను. రెండు రోజులకు కొలత వచ్చింది. మామ అంకె, పక్షవాతం వచ్చినవాళ్లందరి అంకెలనూ దాటిపోయింది! ఆలు లేదు చూలు లేదు జబ్బు పేరు సోమలింగమన్నట్టు, మెట్రో ఎల్‌బీ నగర్ చేరేలోపే మనసులో మామకు ఆపరేషన్ కూడా చేయించేశాను.

"మామా, నీ మెడ నరం మూసుకపోయింది."

"ఎవరు చెప్పిన్రు?"

"నీ నెత్తురే చెప్పింది."

"ఎంత మూసుకపోయింది?"

"మస్తు."

నా విజ్ఞానం అక్కడితో అయిపోయింది. మామ అప్పుడే వెలిగించిన సిగరెట్టును చాయ్‌లో ముంచేశాడు. అత్త ఇరవై ఏళ్లు తిట్టి, ఏడ్చి, మొక్కులు మొక్కి సాధించలేని పని అది. అంతటితో ఆగాడా? మెడ తిప్పడం మానేశాడు. ఎవరైనా పిలిస్తే బీరువాను జరిపినట్టు మనిషి మొత్తం తిరిగేవాడు. రెండో రోజు నన్ను దగ్గరికి పిలిచి, "నాకేమన్నయితే షెడ్డు మీ అత్త పేరు మీద చెయ్యాలె బిడ్డా" అన్నాడు. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది. అప్పుడుగానీ మా ల్యాబు నడిపే మేడమ్ గుర్తుకు రాలేదు.

"ప్లాస్మా ఏ రంగులో ఉందమ్మా?" ఫోన్‌లో అడిగారావిడ.

"దానిమ్మ రసం లెక్క చక్కగుంది మేడమ్."

"లేత పసుపుగా ఉండాలి కదా! ఎక్కడ పెట్టావేంటి?"

చెప్పాను.

"ఫ్రీజర్‌లో నెత్తురు మంచులా గడ్డకడితే ఎర్రకణాలు పగిలిపోతాయి. వాటిలో ఉన్నదంతా బయటికొచ్చేసింది. నువ్వు కొలిచింది మీ మామయ్య మెడ కాదు, మీ ఫ్రీజరు. అయినా ఒక మనిషికి జబ్బుందో లేదో చెప్పే పరీక్షా ఇది? మనమింకా వెతుకుతున్నాం! ముందు ఆయనకి మెడ స్కాన్ చేయించు."

దవాఖానలో స్కాన్ చేశారు. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను అక్కడే తప్పంతా ఒప్పుకున్నాను. బయటికొచ్చాక మామ, మూడు రోజుల తర్వాత మొదటిసారి మెడ తిప్పాడు, సిగరెట్లమ్మే పాన్ డబ్బా వైపు. అత్త ముఖం మాడిపోయింది.

మామ చాలాసేపు అటే చూసి, నా వైపు తిరిగాడు. "ఇంకోసారి తియ్యి నెత్తురు. గీసారి సక్కగ తియ్యి. రిపోర్టు వచ్చేదాంక సిగరెట్ తాగ."

అత్త నా చెయ్యి గిల్లి చెవిలో అంది: "బిడ్డా, గా రిపోర్టు జల్ది రానియ్యకు."

రెండోసారి సరిగ్గానే తీశాను. కానీ పరిశోధనకిచ్చిన నెత్తురుకు మనిషి మనిషికీ రిపోర్టు ఇవ్వరని మామకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ సిగరెట్ ముట్టకుండా ప్రతి దసరాకూ అడుగుతాడు, "ఎప్పుడొస్తది బిడ్డా?" అని. "ల్యాబ్‌లనే ఉన్నది మామా" అంటాను.

కాబట్టి పాఠకులారా, మా ఫ్రీజరు మీద చెయ్యి వేసి, మటన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో తొందరపడి ఎవరికీ ఫలితం చెప్పను. మా మామకైతే అసలే చెప్పను.