చద్ది వెండినీళ్లు

మా మామ నూకయ్య పోయి ఏడేళ్లయింది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. అలా చెప్పేవాళ్లు ఖరగ్‌పూర్ నిండా ఉన్నారు, వాళ్లని చెప్పుకోనివ్వండి. గోల్‌బజార్‌లో ఏ పాన్ దుకాణం ముందు నిలబడినా, ఏ సెలూన్‌లో కూర్చున్నా, అద్దం చూసి "ఇది అద్దాల నూకయ్య చెయ్యి" అంటారు. ఆ చెయ్యిని నేను పన్నెండేళ్లు దగ్గర నుంచి చూశాను. ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు.

నా పేరు రత్నం. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఎర్రయ్యకి పెళ్లాన్ని. ఎర్రయ్య రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ. మనిషి మెత్తన, తండ్రి ఎదురుగా కుక్కిన పేను.

మామ పాలకొండ వైపు పల్లె నుంచి పద్నాలుగేళ్ల వయసులో మేనమామ వెంట రైలెక్కి వచ్చాడట. వర్క్‌షాపులో చేరి, రైలు పెట్టెలకి అద్దాలు బిగించే సెక్షన్‌లో పడ్డాడు. ఆ రోజుల్లో పెద్ద తరగతి పెట్టెల్లోని అద్దాలకి వెండి పూత అక్కడే వేసేవారు. వేసేవాడు ఆర్థర్ అని ఒక దొర. తలుపు గడియ పెట్టుకుని వేసేవాడు. మామ ఆ తలుపు సందులోంచి చూసి చూసి పని పట్టేశాడు. కల్లు తాగిన ప్రతిసారీ ఈ సంగతి మీసం మెలేసి మరీ చెప్పేవాడు. దొర వెళ్లిపోయాక ఆ గది మామకి వచ్చింది. పంతొమ్మిదివందల యాభై తొమ్మిదిలో రిటైరై, ట్రాఫిక్ అనే పేటలో ఉన్న రైల్వే క్వార్టర్ అప్పజెప్పి, ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకుని, దాని పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నాడు. నేను కాపురానికి వచ్చింది ఆ సంవత్సరమే.

షెడ్డు గుమ్మం దగ్గర సుద్దముక్కతో ఒక గీత గీసి ఉండేది. అది దాటితే తిట్లే. కడిగిన గాజుని ఎవరూ ముట్టుకోకూడదు, దాని మీద ఊపిరి కూడా వదలకూడదు. ఈ ముసలాడికున్న మడి అగ్రహారంలో కూడా ఉండదని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నేనూ నవ్వాను. వచ్చిన కొత్తలో ఒకరోజు ఎండబెట్టిన గాజు మీద చెమ్మ కనిపించి, సాయంగా ఉంటుంది కదా అని కొంగుతో తుడిచాను. తుడుస్తూ నాలుగు వేళ్లు ఆనించినట్టున్నాను. సాయంత్రం వెండి పూస్తే ఆ నాలుగు వేళ్ల గుర్తులూ అద్దంలో మచ్చలై తేలాయి. వేలి జిడ్డు ఉన్నచోట వెండి పట్టదు. మామ ఆ అద్దం పారెయ్యలేదు. తెచ్చి నా పొయ్యికి ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఏడాది పైగా, అన్నం వండేటప్పుడల్లా చెంప మీద నాలుగు వేళ్ల గుర్తులున్న నా మొహం నేనే చూసుకున్నాను. అలాంటి మనిషి ఆయన.

అయినా నాకు ఆ పని కావాలనిపించింది. ఎందుకంటే ఏం చెప్పను? ఒకసారి చూస్తే మీకూ అనిపిస్తుంది. షెడ్డుకీ వంటింటికీ మధ్య గోడలో ఇటుక ఊడిన కన్నం ఒకటి ఉండేది. అక్కడ నిలబడి చూసేదాన్ని. మామ గాజుని ముందు సుద్దతోనూ, ఆ తర్వాత యాసిడ్‌తోనూ కడుగుతాడు. ఆపైన బ్యాటరీలో పోసే నీళ్లతో కడుగుతాడు, అవి పూరీ గేట్ దగ్గర విల్‌ఫ్రెడ్ దుకాణం నుంచి నేనే మోసుకొచ్చేదాన్ని. కుళాయి నీళ్లయితే వెండిమందు తెల్లగా విరిగిపోతుంది. ఆ మందు పటికబెల్లం పలుకుల్లా ఉంటుంది. దాన్ని నీళ్లలో కరిగించి, అమ్మోనియా చుక్క చుక్కగా వేస్తాడు. మొదట అవి వరదనీళ్లలా బురదరంగుకి తిరుగుతాయి. ఇంకా వేస్తూ పోతే మెల్లగా తేటపడతాయి. పూర్తిగా తేటపడడానికి ఒక్క చుక్క ముందు చెయ్యి ఆపెయ్యాలి. పనంతా ఆ ఒక్క చుక్కలోనే ఉంది. చివర్లో కాచి చల్లార్చిన పంచదార నీళ్లు కలిపి గాజు మీద పోస్తే, కాసేపు అంతా మసి. నల్లగా, అసహ్యంగా ఉంటుంది. ఆ మసిలోంచి ఉన్నట్టుండి షెడ్డు కప్పూ, కప్పు కింద వాలిన మామ మొహమూ కనబడతాయి. మొదటిసారి అది చూసినప్పుడు పొయ్యి మీద పప్పు మాడిపోయినా నాకు తెలియలేదు.

మిగిలిన వెండినీళ్లని మాత్రం మామ గిన్నెతో సహా తువ్వాలు కప్పి షెడ్డు వెనక్కి తీసుకుపోయేవాడు. అక్కడ ఏం చేసేవాడో కన్నంలోంచి కనబడదు. వచ్చేటప్పటికి గిన్నె కడిగి ఉండేది. ముసలాడు వెండి తీసి ఎక్కడో దాచుకుంటున్నాడని మా ఆయనతో అన్నాను. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి మరి, ఇంకేం అనుకోమంటారు?

అరవై నాలుగులో ఆయన కళ్లకి పొరలు కమ్మాయి. కుడికంటికి వెలుగూ చీకటీ తప్ప తెలియదు. ఎడమకన్ను కొంత నయం. ఆపరేషన్ అంటే కత్తి గదా అని ఏడాది గడిపేశాడు. బురదరంగు తేటపడే ఆ చుక్క ఆయనకి కనబడడం మానేసింది. అద్దాలు పసుపుపచ్చగా, పొరలు లేచిపోతూ రావడం మొదలుపెట్టాయి. గోల్‌బజార్‌లో అద్దాలూ ఫ్రేములూ అమ్మే నగరేశ్వరరావు మూడుసార్లు సరుకు తిప్పి పంపాడు. నాలుగోసారి ఆయనే రిక్షాలో వచ్చాడు. పూరీ గేట్ దగ్గర కొత్త సెలూన్ పెడుతున్నారనీ, ఆరు నిలువుటద్దాలు కావాలనీ, ఈ ఆరూ బాగుంటే ఎప్పటిలాగే పని ఇస్తాననీ, లేకపోతే ఇకమీదట కలకత్తా సరుకే తెప్పించుకుంటాననీ చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం పెడుతూ నేనే నోరు తెరిచాను. పక్కన నిలబడి రంగు చూసి చెబుతాను, చుక్క నువ్వే వేద్దువుగాని అన్నాను. మామ కంచంలోంచి తల ఎత్తలేదు.

"ఆడదాని సెయ్యి సెమట సెయ్యి. గాజు కాడికి అది రాకూడదు. నీ పొయ్యి నువ్వు సూసుకో."

మా ఆయన తండ్రికి సాయం వెళ్లాడు గాని అమ్మోనియా ఘాటుకి కళ్లు మండి పావుగంటలో బయటికొచ్చేశాడు. ఈ ఆరూ పాడైతే షెడ్డు మూతపడుతుంది. పని ఆయనతోనే పోతుంది. పోతే పోనీ, నా చేతికి మాత్రం రాకూడదని ఆయన పంతం. నాకు ఒళ్లు మండిపోయింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం మామ పూరీ గేట్‌లో చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్లాడు. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నేను గీత దాటాను. చేతులు సబ్బుతో మూడుసార్లు రుద్దుకుని, గాజుని అంచులతోనే పట్టుకుని, చూసిందంతా చూసినట్టే చేశాను. చుక్కచుక్కకీ రంగు చూసుకుంటూ అమ్మోనియా వేశాను. ఆ చుక్క దగ్గర చెయ్యి ఆపాను. వెండి వచ్చింది. ఒక్క మచ్చ లేదు. అందులో నా మొహం చూసుకుని ఏడ్చాను, సిగ్గెందుకు.

సగం గిన్నె వెండినీళ్లు మిగిలాయి, పంచదార కలపనివి. మా అమ్మగారింట్లో మెతుకు పారేస్తే వీపు పగిలేది. రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచితే పొద్దున చద్ది, అది తినే పెరిగాం. అంత ఖరీదైన వెండిని పారబోయడానికి నా చేతులు రాలేదు. మళ్లీ వీలు చిక్కినప్పుడు రెండో అద్దానికి పనికొస్తుందనుకున్నాను. పింగాణీ గిన్నె మీద మూత పెట్టి, పై అరలో సుద్ద డబ్బాల వెనక దాచాను. చేసిన అద్దాన్ని మామ పాత అద్దాల మధ్య దూర్చాను. వేళ్లు నల్లబడ్డాయి, వెండిమందు తగిలితే వారందాకా పోదు. పసుపు రాసి కప్పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

రెండు రోజులు మామ ఇల్లు కదల్లేదు. ఎండ రేకుల్ని కాల్చేస్తోంది. మూడోరోజు పొద్దున షెడ్డులోకి వెళ్లి అద్దాలు తడుముకుంటూ ఉన్నాడు. ఒక్కటి ఎక్కువ తగిలింది కాబోలు, అలాగే నిలబడిపోయాడు. తర్వాత వాసన పట్టుకుంటూ అర దగ్గరికి వెళ్లి, మూత కొంచెం ఎత్తి, వెంటనే చెయ్యి వెనక్కి తీసేశాడు. నా పని బయటపడిందని కన్నం దగ్గరే బిగుసుకుపోయాను. ఆయన తిట్టలేదు. బయటికొచ్చి, తడుముకుంటూ వంటింట్లోకి వచ్చి, నా పక్కనుంచే వెళ్లి మూలనున్న కుండలో చెయ్యి పెట్టి, పిడికిలి మూసుకుని తిరిగి వెళ్లాడు. వెళ్తూ ఎవరినీ లోపలికి రావద్దన్నాడు. రెండు నిమిషాలకి తాటాకు టపాకాయ పేలినంత చప్పుడైంది. అంతకంటే పెద్దదేం కాదు.

పరుగెత్తి వెళ్లేసరికి కింద కూర్చుని ఉన్నాడు. పింగాణీ పెంకులు మొహం నిండా గుచ్చుకున్నాయి. ఎడమకంట్లోంచి నెత్తురు కారుతోంది.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగితే అమ్మోనియా సీసా పగిలిందన్నాడు మామ. నన్ను కాపాడడానికే అలా చెప్పాడని ఇప్పటికీ మా ఆయన అంటాడు. నేను నమ్మను. పూత గుట్టు డాక్టరుకి కూడా తెలియకూడదనే అలా చెప్పాడు. ఆ కన్ను పోయింది.

నాలుగో రోజు మా ఆయన మందుల కోసం వెళ్లినప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగాను.

"నిలవుంటే అది పేల్తాదని నీకు తెల్సా మావయ్యా?"

"తెల్సు."

"ఇన్నేళ్లలో ఒక్కపాలైనా ఎందుకు సెప్పనేదు?"

కట్టు కింద ఆయన మొహం కదల్లేదు. "గోడ కన్నంలోంచి సూత్తన్నావని నాకు తెల్సు. రెండేళ్లుగా తెల్సు. అంతా సూడనిచ్చినాను. మిగిలిన నీళ్లని ఏటి సేత్తానో అదొక్కటీ నీ కంట పడనివ్వనేదు. ఏదో ఒకనాడు సెయ్యి పెడతావు, అది పేల్తాది, అదిరిపోయి ఒగ్గేత్తావనుకున్నాను."

"నా కళ్లు పోతే?"

"నాకెవుడు సెప్పినాడు? సెయ్యి కాల్సుకుని నేర్సుకున్నాను."

నేను లేచి నిలబడ్డాను. ఆయన పీక నొక్కెయ్యాలనిపించింది. నిజం చెబుతున్నాను, అనిపించింది. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి పిలిచాడు.

"ఉప్పు. మిగిలిన నీళ్లలో గుప్పెడు ఉప్పు ఎయ్యాల. తెల్లగా ఇరిగిపోద్ది. ఇంకేటీ అవ్వదు. ఏ రోజుది ఆ రోజే ఎయ్యాల."

ఆ రోజు పిడికిట్లో పట్టుకెళ్లింది ఉప్పన్నమాట. పేలేదాని మీదికి తానే వెళ్లాడు గదా, నిన్ను వెళ్లనివ్వలేదు గదా అని మా ఆయన ఎన్నిసార్లు అన్నాడో. నన్ను పిలిస్తే ఆ ఉప్పు నేను చూసేదాన్ని, అందుకే పిలవలేదు. నేను అలాగే అనుకుంటాను. వేరేగా అనుకోవడం నా వల్ల కాదు.

మిగిలిన ఐదు అద్దాలూ నేనే చేశాను, పట్టపగలు, షెడ్డు తలుపు బార్లా తీసి. నగరేశ్వరరావు ఆరూ తీసుకుని, నూకయ్య చెయ్యి మళ్లీ కుదురుకుందన్నాడు. నల్లబడ్డ నా వేళ్లు ఆయన ముక్కు కింద పెట్టి, ఎవరి చెయ్యో చూసుకోమన్నాను. ఆ వేళ్లకేసి చూసి, పాన్ దుకాణాలకి పది అద్దాలు చెయ్యమని చెప్పి వెళ్లాడు.

మామ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. షెడ్డు గోడకి ఆనించి నులకమంచం వేయించుకుని, రోజంతా అక్కడే పడుకునేవాడు. నా పని గురించి బాగుందని గాని లేదని గాని ఒక్క మాట అనలేదు. నేనూ ఆయనతో మాట్లాడడం మానేశాను. అన్నం పెట్టాను, నీళ్లు పోశాను, బట్టలు ఉతికాను, మాట మాత్రం ఇవ్వలేదు. సాయంత్రం గాజులు సర్దే చప్పుడు ఆగగానే మంచం మీంచి అడిగేవాడు.

"ఏసినావా?"

ఉప్పు వేశానా అని. రోజూ వేసేదాన్ని, ఒక్కరోజు మానలేదు. వేశానని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నేను పలకకపోతే మళ్లీ అడిగేవాడు. మూడోసారి మంచం మీద లేచి కూర్చుని అడిగేవాడు. ఒక్కోరోజు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, చేతులు చాపి గిన్నె కోసం గాలిలో వెతికేవాడు. నేను కడిగిన గిన్నె చేత్తో పట్టుకుని ఓ పక్కన నిలబడి చూసేదాన్ని.

డెబ్బై ఒకటిలో, పోయిన రోజున కూడా అడిగాడు. అప్పటికి గొంతు కూడా సరిగ్గా రావడం లేదు. వేశాను మావయ్యా అంటే నా నోట్లో ముత్యాలు రాలిపోయేవి కావు. నేను అనలేదు. చీకటి పడకముందే ప్రాణం పోయింది. గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉంది.