తిత్తులక్క కొలిమి

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. వీధికి మాత్రం ఆమె తిత్తులక్క. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఇనుము తీసే ఇళ్ళే. కొండ మీది ఇనుపరాయిని అడవి బొగ్గుతో మట్టి కొలిమిలో కాల్చి ఇనుము తీయడం ఆ వీధి పని. మగవాళ్ళు రాయీ బొగ్గూ మోస్తే, ఆడవాళ్ళు కొలిమికి గాలి ఊదే తోలు తిత్తులెక్కి తొక్కేవారు. పొద్దున ఎక్కితే పొద్దువాలే దాకా గాలి ఆగకూడదు. ఆగిందా, ఆ రోజు కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. తిత్తులక్క కాళ్ళు ఆగేవి కావు, నోరు అసలే ఆగేది కాదు.

"నా కాళ్ళూ నోరూ కవలపిల్లలు" అని తనే నవ్వేది.

తల్లి పోయాక తమ్ముణ్ణి అత్తింటికి తెచ్చుకుని పెంచింది కూడా ఆ తిత్తుల మీదే. చంకలో వాడు, కాళ్ళ కింద తిత్తులు. ఆ ఊపుకే వాడు నిద్రపోయేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇనుము తీసే కొలిమి కోటగోడ కాదు, కలకాలం నిలబడదు. లోపల ఇనుము ముద్దకట్టాక దాన్ని బయటికి లాగాలంటే ముందుగోడ పగలగొట్టాల్సిందే. మర్నాడు బంకమట్టి తెచ్చి మళ్ళీ కట్టుకుంటారు. వాళ్ళు ప్రాణంలా చూసుకునేది తిత్తుల్ని, అవి పోతే మళ్ళీ కుట్టుకోవడం మాటలు కాదు. ఈమెవి అత్తగారు కుట్టి ఇచ్చినవి.

ఒకరోజు గుర్రం మీద ఒక తెల్లదొర వచ్చాడు. నవ్వుమొహం, మెత్తని మాట. ఆ ఇంట్లోనే మంచమేసుకుని పడుకున్నాడు, వాళ్ళు పెట్టింది తిన్నాడు. రాయి ఎక్కడిది, బొగ్గు ఏ చెట్టుది, ఇలాంటి వీధులు ఇంకెక్కడ ఉన్నాయి అని అడిగాడు. ఇంటికొచ్చినవాడు అడిగితే దాచడం ఏం మర్యాద అని తిత్తులక్క మొగుడు కొండ దాకా నడిపించి మరీ చూపించాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే విన్నాం గానీ, ఈ పెద్దమనిషి నిజంగానే తాడు పట్టి కొలుచుకుపోయాడు.

తర్వాత చట్టం వచ్చింది. అడవి దొరలదట! ఎవడిచ్చాడు? ఎవడూ ఇవ్వలేదు. తుపాకీ ఉన్నవాడు తనకు తనే రాసుకున్నాడు. వాళ్ళ దేశంలో పెద్ద పెద్ద బట్టీలున్నాయి. ఆ ఇనుము ఎక్కడో అమ్ముడుపోవాలి. పోవాలంటే ఇక్కడ ఎవరూ ఇనుము తీయకూడదు. ఇంతే కథ. దీనికి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు నాగరికత. బొగ్గయ్యే చెట్లు రైలు పట్టాల కింద దుంగలయ్యాయి. ఆ పట్టాల మీదే కొండరాయి రేవుకు పోయింది. ఓడ మీద ఇనుమై తిరిగొచ్చి మనకే అమ్ముడుపోయింది. మన రాయి, మన చెట్టు, మన రెక్కలు, లాభం మాత్రం వాళ్ళది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తాతల నాటి నుంచి కొట్టుకున్న చెట్టును కొట్టినందుకు తిత్తులక్క మొగుణ్ణి జైల్లో వేశారు. దగ్గుతో తిరిగొచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. దొర మాటల్లో చెప్పాలంటే దొంగ చచ్చాడు.

ఇంతమంది జనాన్ని దొరలు తమ చేతులతో కొట్టలేరు కదా, నొప్పెడతాయి. అందుకని కర్ర మనవాళ్ళకే ఇచ్చారు. తిత్తులక్క తమ్ముడు ఖాకీ తొడుక్కుని అడవి కాపలాదారు అయ్యాడు.

"ఏం చెయ్యమంటావక్కా? నా పిల్లలకు తిండొద్దా?" అన్నాడు.

"తిను నాయనా, తిను. ఎవరి నోటి దగ్గరిదో చూసుకుని మరీ తిను" అంది ఆమె.

ఆ ఏడు తొలివానలు పడగానే పక్కవీధి రైతు వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. ఓడ మీద వచ్చిన నాగటి కర్రు రాళ్ళనేలలో పుటుక్కున విరిగిందట. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

"ఇప్పుడు దున్నకపోతే ఈ ఏడంతా పస్తే చెల్లెమ్మా. ఒక్క కర్రుకు సరిపడా ఇనుము తీసిపెట్టవూ?"

పెరట్లో గోతిలో మొగుడు దాచిన బొగ్గు ఇంకా కాస్త ఉంది. తిత్తులక్క గోడ కట్టింది. రైతు రాయి మోశాడు. తిత్తులక్కా ఆమె కూతురూ వంతులేసుకుని తెల్లారినప్పటి నుంచి తొక్కారు. పొగను మాత్రం ఎక్కడ దాస్తారు? పొద్దువాలేసరికి కొత్త దొర గుర్రం వాకిట్లో ఆగింది. వెనకే గడ్డపార పట్టుకుని తమ్ముడు.

"పగలగొట్టు" అన్నాడు దొర.

తమ్ముడు ముందుగోడ మీద నాలుగు పోట్లు పొడిచాడు. పెళ్ళలు రాలాయి. నిప్పుల్లా ఎర్రగా ఇనుప ముద్ద బయటికి దొర్లింది. దొర ఎగిరి వెనక్కి గెంతాడు. తిత్తులక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకుంది. వచ్చే నవ్వును పళ్ళకింద నొక్కిపట్టింది. ఎందుకంటే తాము చెయ్యాల్సిన పనే ఖాకీ గుడ్డలేసుకుని ఆయన మనిషి చేసిపెట్టాడు.

"ఇక వీళ్ళు ఇనుము తీయలేరు కదా?" అని అడిగాడు దొర.

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆమె వాడి కళ్ళలోకి చూసింది. తీయలేరు దొరా అంటే చాలు. ఒక్క మాట. అబద్ధమని దొరకు ఏడు జన్మలకూ తెలియదు. వాడు మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ ఎప్పుడైనా పొగ లేస్తే తన ఖాకీ ఊడుతుందని గుర్తొచ్చి ఉంటుంది.

"గోడదేముంది దొరా, రేపే కట్టేస్తారు. అవిగో, ఆ తిత్తులు ఉండకూడదు" అన్నాడు.

"అయితే కోసెయ్."

తనను జోకొట్టిన తోలును వాడే కోశాడు. ఇనుప ముద్దను కూడా బండెక్కించారు. సర్కారు అడవి బొగ్గుతో తీసింది గనక సర్కారుదేనట. రైతు పొలం ఆ ఏడు బీడుపడింది.

ఆ తర్వాత తిత్తులక్క బతికినన్నాళ్ళూ రైలు దగ్గర కూలికి రాయి మోసింది. తన కొండ రాయే. కొన్నేళ్ళకు తమ్ముడికి మోకాళ్ళు పట్టేశాయి. పరిగెత్తలేని కాపలాదారుతో దొరలకేం పని? కూరలో కరివేపాకులా తీసి పారేశారు. వాడూ వచ్చి రాయి మోసే వరసలో నిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజు దొర కోసెయ్యమంటేనే కదా కోశాను" అన్నాడు నేల చూస్తూ.

తిత్తులక్క రాళ్ళ తట్ట ఎత్తి వాడి నెత్తిన పెట్టింది.

"ఏది కొయ్యాలో ఆయనకేం తెలుసురా? ఆయన గుడ్డివాడు. కళ్ళు నువ్విచ్చావు. పద, వాళ్ళ బండి ఇంకా నిండలేదు."